ఫ్రీవీలు లేని సైకిలు

మీ ఇంట్లోనో పక్కింట్లోనో మూడు చక్రాల సైకిలు తొక్కే పసివాడు ఉంటే, వాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి వెనకనుంచి మెల్లగా తోసి చూడండి. బండి కదలగానే ముందు చక్రానికి ఉన్న పెడళ్లు గిర్రున తిరుగుతాయి. వాటితోపాటు వాడి కాళ్లూ తిరుగుతాయి. వాడు కాళ్లు బిగబట్టాడంటే బండి ఆగిపోతుంది. ఆ బండికి వేరే బ్రేకులు లేవు. వాడి కాళ్లే బ్రేకులు.

ఇప్పుడు మీ సైకిలు ఎక్కండి. కాస్త వేగం అందుకొన్నాక తొక్కడం మానేయండి. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి గాని పెడళ్లు కదలవు. వెనకనుంచి "టిక్ టిక్ టిక్" మని చప్పుడు వినిపిస్తుంది. ఈ రెండు బళ్లకూ ఉన్న తేడా అంతా ఆ చప్పుడులోనే ఉంది.

ఆ చప్పుడు ఫ్రీవీలుది. వెనక చక్రం మధ్యలో చైను పట్టుకొని ఉండే చిన్న పళ్ల చక్రమే ఫ్రీవీలు. పైకి ఒకే ముక్కలా కనిపిస్తుంది గాని, దానిలో రెండు భాగాలు ఉన్నాయి. బయటి భాగానికి చైను తగులుకొంటుంది. లోపలి భాగం చక్రానికి మరతో బిగించి ఉంటుంది. లోపలి భాగం మీద చిన్న ఉక్కు నాలుకలు ఉంటాయి. వాటిని సన్నని స్ప్రింగు పైకి నెడుతూ ఉంటుంది. బయటి భాగపు లోపలి అంచున రంపపు పళ్లవంటి గాట్లు ఉంటాయి. మీరు ముందుకు తొక్కినప్పుడు ఆ గాట్లు నాలుకలకు తట్టుకొని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం మానితే నాలుకలు గాట్ల మీదుగా జారిపోతూ టిక్కుటిక్కుమంటాయి. తలుపు గడియ ఒక వైపునుంచి తోస్తే తెరుచుకొని, రెండో వైపునుంచి తోస్తే తెరుచుకోనట్టన్న మాట.

ఈ ఫ్రీవీలు తీసేసి, దాని స్థానంలో నాలుకలూ గాట్లూ ఏమీ లేని ఒట్టి పళ్ల చక్రాన్ని బిగించారనుకోండి. అప్పుడు వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగవలసిందే. పెడళ్లు ఆగితే చక్రం ఆగవలసిందే. దీనినే ఫిక్స్‌డు వీలు సైకిలు అంటారు. ఇదేదో కొత్త వింత అనుకోకండి. అసలు చైను సైకిలు పుట్టినప్పుడు ఇలాగే పుట్టింది. 1880 లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనోల్డ్ ఇప్పుడు మనం వాడే రోలరు చైనును తయారుచేశాడు. 1885 లో కవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ రెండు ఇంచుమించు సమానమైన చక్రాలతో, వెనక చక్రానికి చైనుతో "రోవర్" సైకిలును తెచ్చాడు. దానికి ఫ్రీవీలు లేదు. ఆ కాలపు సైకిళ్లకు ముందు ఫోర్కు మీద కాళ్లు పెట్టుకోవడానికి చిన్న మెట్లు ఉండేవి. పల్లం వస్తే తొక్కేవాడు పాదాలు ఎత్తి వాటిమీద పెట్టుకొనేవాడు. కింద పెడళ్లు వాటంతటవి తిరుగుతూ ఉండేవి. ఫ్రీవీలు వాడుకలోకి వచ్చింది ఆ శతాబ్దపు చివరి సంవత్సరాల్లోనే.

అయితే ఒక చోట ఫ్రీవీలు ఈనాటికీ అడుగు పెట్టలేదు. అది వెలోడ్రోమ్, అంటే అంచులు పైకి వాల్చి గుండ్రంగా కట్టిన సైకిలు పందాల బాట. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో అటువంటిది ఒకటి ఉంది. ఢిల్లీలో 2010 కామన్వెల్తు క్రీడల కోసం చెక్క బాటతో, పై కప్పుతో 250 మీటర్లది కట్టారు. ఆ బాటల మీద తిరిగే సైకిళ్లకు ఫ్రీవీలూ ఉండదు, బ్రేకులూ ఉండవు. 2019 ఆగస్టులో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో మన దేశపు కుర్రవాళ్లు టీమ్ స్ప్రింటు పందెంలో స్వర్ణ పతకం గెలిచింది అటువంటి సైకిళ్ల మీదే. ఆ జట్టులో ఒకడైన ఈసో ఆల్బెన్ నికోబార్ దీవుల కుర్రవాడు. మన శ్రీకాకుళం జిల్లానుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళ్లి స్థిరపడిన అండమాన్‌కు అది పొరుగు దీవే!

పందాలు మనకెందుకు, మనం బడికి వెళ్లే సైకిలుకు ఫ్రీవీలు ఉంది కదా అంటారా? ఆగండి. ఫ్రీవీలు ఉన్న సైకిలు కూడా ఒక్కొక్కసారి, మీకు చెప్పకుండానే, ఫిక్స్‌డు వీలుగా మారిపోతుంది.

మా కోటబొమ్మాళినుంచి సంతబొమ్మాళి దాటి నౌపడ వైపు వెళ్తే ఉప్పు మడులు కనిపిస్తాయి. అక్కడినుంచి వీచే గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలని మూడు పరీక్షనాళికల్లో మూడు మేకులు వేసి మీరు చూసే ఉంటారు. ఆ నీటిలో ఉప్పు కలిస్తే అది విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. అందువల్ల తుప్పు పట్టడం మరింత వేగంగా జరుగుతుంది. పైగా తుప్పు, తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఫ్రీవీలులాంటి ఇరుకు చోట అలా ఉబ్బిన తుప్పు, దానికి తోడు బురద, ఎండిన పాత గ్రీజు చేరితే లోపలి భాగమూ బయటి భాగమూ ఒకదాన్నొకటి పట్టేసుకొంటాయి. వానాకాలం వెళ్లాక మా బడి సైకిళ్ల స్టాండు పక్కన నిలబడితే చాలు, కిర్రు కిర్రుమనే చప్పుళ్లే ఈ సంగతి చెబుతాయి.

అలా పట్టేసిన ఫ్రీవీలుతో మీరు వాలులో దిగుతూ తొక్కడం ఆపారనుకోండి. చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఫ్రీవీలును కూడా తనతో తిప్పుతుంది. అది చైనును పైనుంచి ముందుకు తోస్తుంది. కాని మీ కాళ్లు పెడళ్లను ఆపి ఉంచాయి. చైను ఎక్కడికి పోతుంది? పైభాగంలో వదులై, వంగి, పళ్లమీదనుంచి జారిపడుతుంది. చైను పడితే ఇంటిముందు వీధిలో అయితే చేతులు నల్లబడడంతో సరిపోతుంది. లారీలు పరుగెత్తే 16వ నంబరు జాతీయ రహదారిని దాటుతున్నప్పుడు అయితే?

కనుక ఈరోజే ఒక పరీక్ష చేయండి. సైకిలు స్టాండు వేసి వెనక చక్రాన్ని ముందువైపుకు గట్టిగా తిప్పి వదలండి. పెడళ్లు నిశ్చలంగా ఉండి టిక్కు టిక్కు వినబడితే ఫ్రీవీలు ఆరోగ్యంగా ఉన్నట్టే. పెడళ్లు కాస్త కదలి ఆగితే నూనె అడుగుతున్నదన్న మాట. పెడళ్లు కూడా చక్రంతో సమానంగా తిరుగుతూ ఉంటే అది ఇక ఫ్రీవీలు కాదు. సైకిలును పక్కకు పడుకోబెట్టి, ఫ్రీవీలు రెండు భాగాల మధ్య కనిపించే సన్నని సందులో కిరసనాయిలు పోసి తిప్పి, మురికి కారిపోయాక, నాలుగు చుక్కలు నూనె వేస్తే చాలాసార్లు బాగుపడుతుంది. బాగుపడకపోతే సైకిలు షాపుకు తీసుకు వెళ్లి మార్పించుకోండి. దాన్ని ఇంట్లో సుత్తితో కొట్టి విప్పాలని చూడకండి. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీలు తన మరలో మరింత బిగుసుకొంటూ వస్తుంది. దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది.

చైను ఒకటే, పనులు రెండు

ఇక అసలు విషయానికి వద్దాం. మామూలు సైకిలులో చైను పై వరుసకే పని. ముందున్న పెద్ద చైన్‌వీలు పై వరుసను లాగుతుంది. కింది వరుస ఊరికే వెనక్కి తిరిగి వెళ్తుంది. దానిమీద ఎప్పుడూ బరువు పడదు. మీ సైకిలు కింది వరుసను వేలితో ముట్టి చూస్తే వదులుగా ఊగుతూ ఉండేది అందుకే.

ఫిక్స్‌డు వీలులో అలా కాదు. తొక్కుతున్నప్పుడు పై వరుస బిగుసుకొంటుంది. వేగం తగ్గించడానికి కాళ్లు బిగబట్టినప్పుడు, చక్రమే చైనును లాగుతుంది. అప్పుడు కింది వరుస బిగుసుకొని పై వరుస వదులవుతుంది. మళ్లీ తొక్కితే మళ్లీ పై వరుస. నడిపే పనీ ఆపే పనీ రెండూ ఆ ఒక్క చైనుదే. అది తెగినా పడినా ఒకేసారి ఇంజనూ బ్రేకూ రెండూ పోయినట్టే. ఇంకా ఘోరం, పడిన చైను చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కొంటే పరుగులో ఉన్న చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అందుకే రోడ్డుమీద ఫిక్స్‌డు వీలు తొక్కేవాడు ముందు చక్రానికి బ్రేకు ఉంచుకొని తీరాలి. లేకుండా తొక్కడం ధైర్యం అని కొందరు చెప్పుకొంటారు గాని, నా దృష్టిలో అది తెలివితక్కువ పని. కావాలంటే లెక్క చూడండి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 6 మీటర్లు పోతుందనుకొందాం. వంతెన వాలులో గంటకు 36 కిలోమీటర్ల వేగం వచ్చిందంటే సెకనుకు 10 మీటర్లు, నిమిషానికి 600 మీటర్లు. కాళ్లు నిమిషానికి 100 చుట్లు తిరగాలి. ఇష్టమున్నా లేకపోయినా తిరగాలి!

చైను మీద ఎంత బలం పడుతుందో ఊహించగలరా? 40 కిలోల బరువున్న విద్యార్థి ఒక పెడలు మీద నిలబడ్డాడనుకోండి. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు. 48 పళ్ల చైన్‌వీలు వ్యాసార్థం సుమారు 9.7 సెంటీమీటర్లు. తులాదండం లెక్క ఇక్కడ కూడా పనిచేస్తుంది. 40 ని 17 తో హెచ్చించి 9.7 తో భాగిస్తే సుమారు 70 కిలోలు. అంటే మీ బరువుకన్నా ఎక్కువే చైను మోస్తున్నది. అంత బరువూ ఒక్కొక్క లంకెలో ఒక్కొక్క సన్నని పిన్ను మీద పడుతుంది.

సాగిందా? అరిగిందా?

"చైను సాగిపోయింది మాస్టారూ" అంటారు పిల్లలు. సైకిలు షాపులోనూ అదే మాట. నిజానికి ఉక్కు రేకులు సాగవు. మరి పాత చైను కొత్తదానికన్నా పొడవుగా ఎందుకు ఉంటుంది?

చైనును దగ్గరగా చూడండి. ఒక లంకె బయటి రేకులది, తర్వాతది లోపలి రేకులది, మళ్లీ బయటి రేకులది. ఈ రెండు రకాల లంకెలనూ కలిపేది పిన్ను. పిన్ను చుట్టూ గొట్టంలాంటి బుష్షు, బుష్షు చుట్టూ దొర్లే రోలరు. ఒక పిన్నుకూ తర్వాతి పిన్నుకూ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను పళ్ల చక్రం మీదికి ఎక్కేటప్పుడు లంకె వంగుతుంది. దిగేటప్పుడు నిటారు అవుతుంది. వంగినప్పుడల్లా పిన్ను బుష్షు లోపల రాసుకొంటుంది. రాసుకొంటే అరుగుతుంది. అరిగితే ఆ రెంటి మధ్య సందు పెరుగుతుంది. ఒక్కొక్క కీలు దగ్గర కంటికి కనపడనంత సందు. అన్నీ కలిస్తే చైను పొడవు పెరుగుతుంది.

ఎన్నిసార్లు వంగుతుందో లెక్క వేద్దాం. మీ బడి ఇంటికి 3 కిలోమీటర్లు. రానూ పోనూ 6 కిలోమీటర్లు. చుట్టుకు 6 మీటర్ల చొప్పున రోజుకు 1000 చుట్లు. 48 పళ్ల చైన్‌వీలు ప్రతి చుట్టులోనూ 48 లంకెలను లాగుతుంది కాబట్టి మొత్తం 48,000 లంకెలు. చైనులో 112 లంకెలు ఉంటే చైను మొత్తంగా సుమారు 428 సార్లు తిరిగింది. ఒక్కొక్క ప్రదక్షిణంలో ప్రతి కీలూ నాలుగుసార్లు కదులుతుంది. ముందు చక్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, వెనక చక్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. అంటే రోజుకు 1700 సార్లకు పైగా. 200 రోజులు బడికి వెళ్తే దాదాపు 3 లక్షల 40 వేలసార్లు! ఫిక్స్‌డు వీలులో వాలుల్లోనూ విశ్రాంతి లేదు కాబట్టి మరింత ఎక్కువ.

వంగే కోణం కూడా ముఖ్యమే. 48 పళ్ల చక్రం దగ్గర కీలు 7.5 డిగ్రీలే వంగుతుంది (360 ని 48 తో భాగించండి). 18 పళ్ల చక్రం దగ్గర 20 డిగ్రీలు వంగుతుంది. 14 పళ్లది అయితే దాదాపు 26 డిగ్రీలు. చిన్న చక్రం చైనును ఎక్కువగా అరగదీస్తుంది. 1972 అక్టోబరులో బెల్జియం దేశపు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు స్థాపించినప్పుడు అతని ఫిక్స్‌డు వీలుకు ముందు 52 పళ్లు, వెనక 14 పళ్లు. 50 ఏళ్ల తర్వాత, 2022 అక్టోబరు 8 న, ఇటలీ దేశపు ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండులో గంటకు 56.792 కిలోమీటర్లు తొక్కాడు. అతని సైకిలుకు ముందు 65, వెనక 14. ఈ లెక్కలనుంచి వాళ్ల కాళ్లు నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగాయో కనుక్కోండి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకోండి. గన్నా కాళ్లు మెర్క్స్ కాళ్లకన్నా నెమ్మదిగా తిరిగాయని తేలుతుంది. ఆశ్చర్యంగా లేదూ?

ఇప్పుడు మీ చైను వయసు కొలుద్దాం. వడ్రంగి వాడే ఇనుప టేపు అడిగి తెచ్చుకోండి. చైను బిగువుగా ఉన్న చోట ఒక పిన్ను నడిమధ్యన సున్నా ఉంచి, అక్కడినుంచి 24 లంకెలు లెక్కపెట్టండి. కొత్త చైను అయితే 24 వ పిన్ను నడిమధ్యం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. 12 అంగుళాలు దాటి ఒక అంగుళంలో పదహారో వంతు పక్కకు పోయిందంటే చైను మార్చే కాలం వచ్చింది. ఎనిమిదో వంతు పోయిందంటే ఆలస్యం అయిపోయింది. పళ్ల చక్రాలు కూడా చెడిపోయి ఉంటాయి.

పదహారో వంతు అంటే 1.6 మిల్లీమీటర్లు. దాన్ని 24 కీళ్లకు పంచితే ఒక్కొక్క కీలులో అరిగింది 0.07 మిల్లీమీటర్లు కూడా కాదు. ఇంచుమించు మీ తలవెంట్రుక మందం! అంతమాత్రానికే చైను ఎందుకు పనికిరాకుండా పోతుంది? పళ్ల మధ్య దూరం మారలేదు, లంకెల మధ్య దూరం మారింది. రోలరు పంటి అడుగున కూర్చోవలసింది పోయి, కాస్త పైకి ఎక్కి కూర్చుంటుంది. బలం అన్ని పళ్లకూ పంచబడక ఒకటి రెండు పళ్లమీదే పడుతుంది. ఆ పళ్లు ఒకవైపు అరిగి కొడవలి కొనలా వంగుతాయి. అరిగిన పళ్లమీద కొత్త చైను వేస్తే అది కూర్చోదు. గట్టిగా తొక్కినప్పుడు "టకా"లుమని జారుతుంది. డబ్బు ఆదా చేద్దామని పాత చైనుతో మరో ఏడాది గడిపితే చైనుతోపాటు ఫ్రీవీలూ చైన్‌వీలూ కూడా కొనవలసి వస్తుంది.

ఎంత బిగువు?

చైను మరీ వదులుగా ఉంటే పడిపోతుంది. మరి వీణ తీగలా బిగిస్తే? అప్పుడు ఇరుసుల్లోని గుండ్లమీద అనవసరపు బరువు పడుతుంది. చైనూ త్వరగా అరుగుతుంది. తొక్కడం కష్టమవుతుంది. సైకిలు కదలకుండా ఉన్నప్పుడు, రెండు చక్రాలకూ సరిగ్గా మధ్యలో కింది వరుసను వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. పందెపు ఫిక్స్‌డు వీలులో అంతకన్నా తక్కువే ఉంచుతారు. వదులు ఉన్నకొద్దీ, తొక్కడంనుంచి ఆపడానికి మారేటప్పుడు కాలికింద "దడ్" మని ఒక కుదుపు వస్తుంది.

ఒక చిక్కు ఉంది. చైన్‌వీలు ఎప్పుడూ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా, సరిగ్గా మధ్యన ఉండదు. పెడలును నెమ్మదిగా తిప్పి, కొద్దికొద్దిగా ఆపి చూస్తే చైను ఒక చోట బిగుతుగా, మరొక చోట వదులుగా ఉన్నట్టు తెలుస్తుంది. అత్యంత బిగుతుగా ఉన్న చోట కొలిచి సరిచేయాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే రెండో చోట తీగలా బిగుసుకొంటుంది.

సరిచేయడం తేలికే. వెనక ఇరుసు నట్లు రెండూ కొంచెం వదులుచేసి, చక్రాన్ని గాడిలో వెనక్కి జరపండి. కుడివైపు నట్టు కాస్త బిగించి, ఎడమవైపు జరుపుతూ చక్రం ఫ్రేము మధ్యకు వచ్చేటట్టు చూసి, తర్వాత రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. వెనకనుంచి ఒంటికన్నుతో చూస్తే రెండు పళ్ల చక్రాలూ ఒకే గీతలో కనిపించాలి. అనుమానముంటే నూలు దారం పట్టి చూడండి.

ఎదురు మర

ఫిక్స్‌డు వీలులో వెనక పళ్ల చక్రం మరమీద బిగించి ఉంటుంది. తొక్కుతుంటే అది మరింత బిగుసుకొంటుంది. బాగానే ఉంది. కాని కాళ్లు బిగబట్టి ఆపినప్పుడు? అదే బలం దాన్ని విప్పడానికి ప్రయత్నిస్తుంది. విప్పుకొంటే బ్రేకు లేనట్టే. దీనికి విరుగుడు ఎంత చక్కగా ఆలోచించారో చూడండి. పళ్ల చక్రం పక్కనే ఒక సన్నని తాళపు వలయం బిగిస్తారు. దాని మర ఎదురు మర, అంటే మామూలు నట్లు బిగిసే వైపు తిప్పితే ఇది విడిపోతుంది. పళ్ల చక్రం విప్పుకోబోయిందంటే ఆ వలయాన్ని తనతో తిప్పబోతుంది. ఆ వలయానికి అది బిగిసే దిశ! దొంగను పట్టుకోవడానికి దొంగ బలాన్నే వాడినట్టు. ఫిక్స్‌డు వీలు ఎక్కేముందు ఈ వలయం బిగువు చూడకుండా ఎవరూ ఎక్కకూడదు.

ఎదురు మర చూడాలంటే మీరు దూరం వెళ్లనక్కరలేదు. మీ సైకిలు ఎడమ పెడలుకు ఉన్నది అదే. సైకిలు షాపులో పనిచేసే కుర్రవాడికి ఈ సంగతి తెలుసు. తెలియని పెద్దలు పానాతో గంటసేపు కుస్తీ పడతారు.

గుడ్డ, నూనె, వేళ్లు

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. చైను తుడిచేటప్పుడు చాలామంది ఒక చేత్తో గుడ్డ పట్టుకొని, రెండో చేత్తో పెడలు జోరుగా తిప్పుతారు. మామూలు సైకిలులోనే ఇది ప్రమాదం. ఫిక్స్‌డు వీలులో అయితే వేళ్లు తెగిపోతాయి. అతిశయోక్తిగా చెప్పడం లేదు. జోరందుకొన్న చక్రంలో శక్తి నిలవ ఉంటుంది. మీరు చెయ్యి ఆపినా అది ఆగదు. గుడ్డ కొస పళ్లకూ చైనుకూ మధ్య చిక్కిందంటే గుడ్డను, దానితో వేలిని, లోపలికి లాగేస్తుంది. వెనక్కి లాక్కొనేంత సమయం ఉండదు. కాబట్టి జానెడు పొడవు చైను జరపండి, ఆపండి, తుడవండి. మళ్లీ జానెడు జరపండి. పళ్ల చక్రానికి దగ్గరగా చెయ్యి పోనివ్వకండి. పక్కన చిన్నపిల్లలు ఉంటే ముందు వాళ్లను దూరంగా పంపండి.

ఇంతకన్నా మంచి పద్ధతి చైనును విప్పి తీయడం. దానికొక చోట చేప ఆకారంలో చిన్న లాకు ఉంటుంది. అది ఊడదీస్తే చైను చేతికి వస్తుంది. పెద్దవాళ్లు దగ్గరుండగా, పొయ్యికి దూరంగా, ఒక డబ్బాలో కిరసనాయిలు పోసి, అందులో చైనును నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో రుద్దండి. తీసి, గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆరకముందే నూనె వేస్తే నూనె పలచబడి కారిపోతుంది. మురికి కిరసనాయిలును కాలువలో పారబోయకండి. రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైది మళ్లీ పనికివస్తుంది.

ఏ నూనె వేయాలి? ఇంట్లో కొబ్బరినూనె ఉందని అదే వేస్తారు కొందరు. సుమారు 24 డిగ్రీలకే గడ్డకట్టే నూనె అది. మాఘమాసపు తెల్లవారుజామున సీసాలో చూడలేదూ? ఎడ్లబండి ఇరుసుకు ఆముదం కందెన వేసేవారని ఆముదం తెచ్చేవారూ ఉన్నారు. బండి ఇరుసు మూసి ఉన్న చోటు, చైను దుమ్ములో తిరిగే వస్తువు. జిగట నూనెకు ఇసుక అతుక్కుంటుంది. ఇసుకా నూనె కలిస్తే అది కందెన కాదు, సానపట్టే ముద్ద! మోటారు సైకిలులోంచి తీసిన నల్లని పాత నూనెలో లోహపు పొడి ఉంటుంది. అది చేతులకూ మంచిది కాదు. షాపులో దొరికే చైను నూనె గాని, కొత్త ఇంజను నూనె గాని చాలు. కింది వరుస లోపలివైపున ఒక్కొక్క రోలరుకు ఒక్కొక్క చుక్క వేయండి. పావుగంట ఆగి, పైన కనిపించే నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయండి. అయ్యో, వేసిన నూనె తుడిచేయడమేమిటి అనుకోకండి. నూనె కావలసింది పిన్నుకూ బుష్షుకూ మధ్య. పైన మిగిలింది దుమ్మును పిలవడానికే పనికివస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు చేప లాకు మూసుకొన్న తల, చైను కదిలే దిశకు ఉండాలి. పై వరుసలో అయితే ముందు చక్రం వైపు. చీలిన తోక వెనక ఉండాలి. చేప ఈదినట్టు అని గుర్తుపెట్టుకోండి. తోక ముందుకు ఉంటే, దేనికైనా తగిలినప్పుడు లాకు ఊడిపోతుంది.

గ.సా.భా. ఇక్కడ కూడా!

చివరగా ఒక లెక్క. పెడలు మీద మీ బలం ఎక్కువగా పడేది క్రాంకు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు. అది చుట్టుకు రెండుసార్లు, ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు. 48 పళ్ల చైన్‌వీలులో ఒక తోపుకూ తర్వాతి తోపుకూ మధ్య 24 లంకెలు పోతాయి. వెనక 18 పళ్లు ఉంటే అది ఒక చుట్టు తిరిగి ఇంకా 6 పళ్లు ముందుకు పోతుంది. తర్వాతి తోపుకు 12 దగ్గర, ఆ తర్వాత మళ్లీ మొదటిచోటనే! అంటే పెద్ద తోపులన్నీ వెనక చక్రంలో మూడే మూడు చోట్ల పడుతున్నాయి. 24, 18 ల గ.సా.భా. 6. 18 ని 6 తో భాగిస్తే 3. అదే 44 పళ్లది అయితే 22, 18 ల గ.సా.భా. 2. తోపులు 9 చోట్ల పంచబడతాయి.

ఫిక్స్‌డు వీలులో ఈ లెక్క టైరుకు కూడా వర్తిస్తుంది. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి చక్రాన్ని బిగబట్టి ఈడ్చేవాడికి, 48, 16 పళ్లు ఉంటే, పెడలు చుట్టుకు చక్రం సరిగ్గా 3 చుట్లు. టైరు ప్రతిసారీ ఒకే చోట నేలను రాసి, అక్కడే చిరుగుతుంది. 47, 17 అయితే 17 చోట్ల కొంచెం కొంచెం అరుగుతుంది. ముందు పళ్లు ఒకటి తగ్గి, వెనక పళ్లు ఒకటి పెరిగినందుకే ఇంత తేడా.

మీ సైకిలుకు ముందు ఎన్ని పళ్లు, వెనక ఎన్ని పళ్లు? సుద్దతో ఒక పంటికి గుర్తు పెట్టి లెక్కపెట్టండి. ముందు 46, వెనక 18 ఉన్నవారు తోపులు ఎన్ని చోట్ల పడతాయో ముందు కాగితం మీద తేల్చి, తర్వాత చైను నెమ్మదిగా జరుపుతూ సుద్ద గుర్తులతో సరిచూడండి. వేళ్లు జాగ్రత్త.